అక్క పడవకు నాలుగు గాలాలు

మా బావ కృష్ణలో గాలాలు వేసేటప్పుడు తాడు పొడవును పాటతో కొలిచేవాడు. పడవ నెమ్మదిగా ఒకే వేగంతో పోతుంటే, వెనక నీళ్ళలోకి తంగూసు తాడు వదులుతూ కీర్తన ఎత్తుకునేవాడు. మొదటి గాలానికి ఒక చరణం, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు. ఆ లెక్క పూర్తికాగానే తంగూసును అంచున ఉన్న మేకుకు చుట్టేసేవాడు. నాలుగు గాలాలూ నాలుగు దూరాల్లో నడుస్తాయి కాబట్టి, పడవ మలుపు తిరిగినా ఒకదాని మీదికి ఒకటి రావు.

బావ ప్రభువు దగ్గరికి వెళ్ళాక ఆ పడవ రేపల్లె దగ్గర ఒడ్డున బోర్లా పడి ఉండిపోయింది. బావ తమ్ముడికి బాపట్ల వైపు రొయ్యల చెరువుంది. చెడ్డవాడు కాదు. "ఊరికే ఎండిపోతుంది వదినా. నాకిస్తే చెరువులో మేత చల్లుకుంటా" అన్నాడు.

"పంట పండుగ దాకా ఆగు. ఆలోగా ఈ పడవ మీద పట్టిన చేపని గుళ్ళో పెట్టలేకపోతే నువ్వే తోలుకుపో" అంది అక్క.

కోతలయ్యాక మా సంఘాల్లో పంట పండుగ చేస్తాం. ఎవరి కష్టం ఏదైతే దాని ప్రథమఫలం బలిపీఠం ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, గుడ్లు, కోళ్ళు. అక్క అత్తవారింటి నుంచి ఎప్పుడూ ఏటి చేపే వెళ్ళేది. కిందటేడు అక్క బజార్లో అరటిగెల కొని పెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కొన్నది కానుక అవుతుంది కానీ ప్రథమఫలం కాదని ఉపదేశిగా ఉన్న మా నాన్న చుండూరులో మాకు చిన్నప్పుడే నేర్పాడు. చెరువులో పెంచిన పండుగప్ప చేప ఒకటి తెచ్చి పెడితే ఎవరికీ తెలియదని నేను ఫోన్లో నోరు జారాను.

"పెట్టించుకునే ఆయనకు తెలుస్తుంది. నువ్వు సెలవు పెట్టి రా" అంది.

నేను తెనాలిలో టీచర్ని. ఆదివారాలు సండే స్కూలు చూస్తాను. చేపను కూర వండడం వచ్చు, పట్టడం రాదు. ఆ మాటే చెప్పాను.

"వల వేయాలంటే మగవాళ్ళు కావాలి. గాలాలకు ఇద్దరు ఆడవాళ్ళు చాలు. ప్రార్థన చేస్తానని అందరూ అన్నారే, పడవెక్కుతానని ఒక్కళ్ళూ అనలేదు."

పండుగ ముందు గురువారం రేపల్లె రైలెక్కాను.

శుక్రవారం పొద్దున ప్రార్థన చేసుకుని, అక్క ముందే నీళ్ళలోకి దింపించి ఇంజన్ పెట్టించిన పడవలో బయల్దేరాం. ఆ చోట కృష్ణ పెద్ద చెరువులా వెడల్పుగా, అలల్లేకుండా ఉంటుంది. అక్క పడవకు రెండు పక్కలా రెండు వెదురు గెడలు బయటికి చాపి కట్టింది. గెడల చివరల నుంచి పొడవైన మూడో, నాలుగో గాలాలు, పడవ వెనక భాగం నుంచి పొట్టివి రెండూ. ఒక్కోదానికి సీసపు గుండు, ఎరగా రబ్బరు చేప. చుక్కాని కదలకుండా తాడుతో కట్టేసి, కుడి పక్క అక్క, ఎడమ పక్క నేను కూర్చున్నాం. నావి ఒకటో గాలం, మూడో గాలం. అక్కవి రెండు, నాలుగు. ఇద్దరం ఒకే కీర్తన అందుకుని, ఇంజన్ మోతలో ఎవరికి వారం పాడుకుంటూ తంగూసు వదిలాం. నేను మూడో గాలానికి మూడు చరణాలు ముగించేసరికి అక్క నాలుగో గాలానికి నాలుగూ ముగించింది. ఇద్దరం ఒకేసారి ఆపామని నేను సంతోషించాను కూడా. గుళ్ళో అయితే అది మంచి విషయమే.

మొదటి మలుపులోనే రెండు గెడల తంగూసులూ కలిశాయి. వాటిని లాగబోతే మిగతా రెండూ వచ్చి చుట్టుకున్నాయి. చివరికి పడవలోకి వచ్చింది ఒక పెద్ద ఉండ.

ఒడ్డున కూర్చుని చిక్కు తీస్తుంటే వల బాగుచేసుకుంటున్న ఒకాయన అన్నాడు: "ఏంటక్కాయ్, చేపలకని వెళ్ళి స్వెట్టరు అల్లుకొచ్చారా?"

"నీ కొలతలకే అల్లుతున్నాం తమ్ముడూ, కాస్త పొట్ట లోపలికి పీల్చు" అంది అక్క తలెత్తకుండా.

సాయంత్రం అక్క మరిది వచ్చాడు. ఆ చిక్కు చూసి నవ్వలేదు. "ఆదివారం పండుగయ్యాక, మధ్యాహ్నానికి లారీ మాట్లాడాను వదినా" అని మెల్లగా చెప్పి, పడవ పొడవు అడుగులేసి కొలుచుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆ అడుగుల వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక వంటింట్లో అంది: "ఏదీ, ఒక చరణం పాడు."

పాడాను. అక్క బియ్యం కడిగి, ఎసట్లో పోసి, మూత పెట్టి నా వైపు తిరిగింది. "ఇంకా అవలేదా? మీ తెనాలి సంఘంలో ఇలాగే పాడతారా?"

"మరి మీ రేపల్లెలో? బస్సు వెళ్ళిపోతున్నట్టు పాడతారు. నాన్న అలా నేర్పలేదు."

"నాన్న నీలాగా సాగదీయనూ లేదు."

అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్న పాటే. పెళ్ళిళ్ళయ్యాక నేను హార్మోనియం వెంట నిదానంగా పాడే సంఘంలో కలిశాను, అక్క డోలక్ వెంట పరుగెత్తే సంఘంలో కలిసింది. నా మూడు చరణాలూ ఆమె నాలుగు చరణాలూ నీటి మీద ఒకటే పొడవు. ఆ రాత్రి అక్క వేగం నేర్చుకుందామని చూశాను. రెండో చరణానికే నా గొంతు మళ్ళీ తెనాలి వెళ్ళిపోయేది.

శనివారం ఇంజన్ వేసి బయల్దేరగానే నా చెవి దాని చప్పుడు మీద పడింది. టక్ టక్‌మని తొట్రుపాటు లేకుండా కొడుతోంది.

"అక్కా, నీ లెక్కా వద్దు, నా లెక్కా వద్దు. తాళం వేసేది ఇక్కడే ఉంది."

అక్క ఒక్క క్షణం విని, చేత్తో తొడ మీద తట్టింది. ఇంజన్ నాలుగు దెబ్బలకు ఒక మాట చొప్పున ఎత్తుకున్నాం. నాకది తొందర, ఆమెకది నత్తనడక. ఇద్దరం తగ్గాం. ఒకరి గాలం తర్వాత ఒకరిది, ఒకరు వదులుతుంటే రెండోవాళ్ళు గొంతు కలుపుతూ, నాలుగూ వదిలాం. శరీరం ఒక్కటే, అవయవాలు అనేకం అన్న వాక్యం ఎన్నోసార్లు సండే స్కూలు పిల్లలకు చెప్పాను. ఆ వేళ దాని అర్థం నా వేళ్ళ మధ్య జారుతున్న తంగూసులో తెలిసింది.

మొదటి మలుపు తిరిగాం. నాలుగు తంగూసులూ దువ్విన జుట్టులా విడివిడిగా తిరిగాయి. రెండో మలుపు కూడా అంతే. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగదని.

పొద్దెక్కుతుండగా కుడి గెడ విల్లులా వంగింది.

"నీవి రెండూ లాగెయ్. తర్వాత నా చిన్నది. ఇంజన్ మాత్రం ఆపకు" అంది అక్క, రెండు కాళ్ళూ పడవ అంచుకు తన్నిపెట్టి. పడవ ఆగితే తంగూసు వదులై చేప జారిపోతుంది. నేను మూడు గాలాలూ లాగి, ఇంజన్ తగ్గించి, చుక్కాని పట్టుకున్నాను. చేప నీళ్ళ పైకి ఎగిరి తల విదిలించింది. వెండి రంగు పండుగప్ప. నా నోట ప్రార్థన రాలేదు, "తండ్రీ, తండ్రీ" అన్న ఒక్క మాటే వచ్చింది. అక్క అరచేతులు ఎర్రగా కోసుకుపోతున్నా చేపను అలసిపోనిచ్చి, అలసిపోనిచ్చి పక్కకు తెచ్చింది. నేను వంగి చేతివల కిందికి పెట్టి ఎత్తాను. అది పడవలో పడగానే ఇద్దరం దాని పక్కనే కూలబడ్డాం. ఇచ్చింది దేవుడే. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. పాటను కొలతగా వాడుకోనిచ్చాడు, పట్టనిచ్చాడు.

ఆదివారం అరటాకులో పెట్టిన చేపను అక్క చేతులకు గుడ్డ కట్టుకునే మోసుకెళ్ళింది. సంఘపెద్ద ఒక్కో కానుకా ఎత్తి, అది ఎవరి కష్టమో అడిగి సంఘానికి చెప్పడం ఆ గుడి ఆచారం. పండుగప్పను రెండు చేతులా ఎత్తేసరికి మగవాళ్ళ వరసల్లో గుసగుసలు లేచాయి.

"ఇది ఏ పడవదండి?" అని అడిగాడాయన. ఎప్పుడూ బావ పేరు చెప్పేవాళ్ళు. అక్క లేచి, గుడ్డ కట్టిన చేతులతో కొంగు సర్దుకుంటోంది.

వెనక వరసలో మరిది లేచి నిలబడ్డాడు.

"మా వదిన పడవదండి" అన్నాడు, గుడంతా వినబడేలా. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, లారీ అతనికి రావద్దని చెప్పడానికి బయటికి నడిచాడు.