అక్క మెట్లు దిగిన తీరు

అరకులో మా అక్క ఇంటి వెనక పదకొండు రాతిమెట్లున్నాయి. వాటి కింద ఆమె తోట. నలభై దాకా కాఫీ మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, ఒక చిన్న రాజ్మా మడి. మెట్లకు ఒకవైపు ఇనుప పైపు రెయిలింగు ఉంది. దిగేటప్పుడు కుడిచేతికి వస్తుంది. రెండోవైపు వాననీళ్లు గట్టును కోసుకుపోయాయి, అక్కడ స్తంభం పాతినా నిలవదు.

ఆ రెయిలింగు ఏళ్ల తరబడి వదులుగానే ఉండేది. పై స్తంభం ఊడబోయే పన్నులా ఊగేది. అక్క దాన్ని ముట్టుకునేదే కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెబుతూ కొండదారులు నడిచిన మనిషి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ మెట్లు దిగేది.

పోయిన వేసవిలో ఆమెకు కుడిపక్క పక్షవాతం వచ్చింది. విశాఖ ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజే నేనూ నా పెట్టె తెచ్చుకుని ఇక్కడ ఉండిపోయాను. వానలు తగ్గేసరికి కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి రాలేదు. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది.

రెండుసార్లు భుజం పట్టుకుని తోటలోకి దించాను. మూడోసారి రానంది.

"సంతకు మేకను తోలినట్టు తోలుతున్నావురా. నా అంతట నేను దిగగలిగిన రోజే దిగుతాను."

అప్పట్నుంచి వరండాలో కుర్చీ వేసుకుని కింద కాఫీ పళ్లు ఎర్రబడటం చూస్తూ కూర్చునేది. "ఆ మూడో మొక్క ముందే పండుతుంది. పిట్టలు తినేస్తున్నాయి," అనేది. నేను కోసుకొస్తానంటే మాట మార్చేది.

రెయిలింగు గట్టిగా ఉంటే దిగుతుందని నాకు తోచింది. సిమెంటు తెచ్చి నేనే మొదలుపెట్టాను. స్తంభం మొదట్లో రాళ్లు కూరి, పైన సిమెంటు గుండ్రంగా మెత్తాను. వారం తిరక్కుండానే పైపు మళ్లీ ఊగింది. దాంతోపాటు నా సిమెంటు ముద్దా ఊగింది.

పై ఊరి మేస్త్రీకి కబురు పెట్టాను. యాభై దాటిన మనిషి, చిన్నప్పుడు అక్క దగ్గరే చదువుకున్నాడు. స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి నా వంక చూశాడు.

"ఏటి బాబూ, దీనికి టోపీ ఎట్టీసినారు. కాళ్లకి సెప్పులు మరిసిపోనారా?"

వరండాలోంచి అక్క నవ్వింది. "పేపర్లో పనిచేసినవాడు కదరా, హెడ్డింగు పెట్టి వదిలేశాడు."

అతను నా ముద్దను పగలగొట్టి, మోచెయ్యి మునిగేంత లోతు తవ్వాడు. తుప్పు తిన్న అడుగు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించుకొచ్చాడు. పైపు గుంతలో తిరిగిపోకుండా దాని అడుగున అడ్డంగా చిన్న కమ్మీ. రాళ్లు పరిచి కాంక్రీటు పోసి, పైన నీళ్లు నిలవకుండా వాలు తీశాడు. తడిపిన గోనెసంచి చుట్టి, "వారం దినాలు ఎవులూ సెయ్యి ఎయ్యకండి," అని వెళ్లిపోయాడు.

వారం తర్వాత వచ్చి రెండు చేతులా పట్టుకుని ఊపాడు. మనిషి ఊగాడు గాని పైపు కదల్లేదు.

అక్క లేచి మెట్ల అంచుకు వచ్చింది. కుడిచెయ్యి పైపు మీద పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. మళ్లీ పెట్టింది. చెయ్యి మెల్లగా జారి పక్కకు వేలాడింది.

ఆరు నెలలుగా ఆమె ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తినడం రోజూ చూస్తున్నాను. పైపు ఏ చేతికి వస్తుందో మాత్రం చూడలేదు. అక్క కుర్చీవైపు తిరగబోయింది.

మేస్త్రీ రెండోవైపు కోసుకుపోయిన గట్టు కేసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. అక్కడే గొంతుక్కూర్చుని కాసేపు ఆలోచించాడు.

"మేడమ్ గోరూ, అటక మీంచి మేం ఎలాగ దిగుతాం? ముకం నిచ్చెన కేసి ఎట్టుకునే కదా! ఇంటికేసి తిరగండి. పైపు మీ ఎడంసేతికొస్తాది."

"పీతలాగ వెనక్కి నడవమంటావా?"

"అయిదో తరగతిల నన్ను గోడకేసి తిప్పి నిలబెట్టీవోరు. ఇప్పుడు మీ వంతు. తిరగండి."

"ఎక్కాలు రాకపోతే నిలబెట్టాను."

"ఇప్పటికీ రావండి."

అక్క తిరిగింది. ఎడమచెయ్యి పైపును గట్టిగా పట్టుకుంది. మేస్త్రీ రెండు మెట్లు కిందికి వెళ్లి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడ్డాడు. పట్టుకోలేదు.

"ఆఁ, కుడికాలు కిందికి ఒగ్గీయండి. మెట్టుంది."

పాదం గాలిలో తడుముకుని రాయి మీద ఆనింది. వెనకే ఎడమకాలు దిగింది. ఎన్నోసార్లు ఆ మెట్లు దిగిపోతున్న అక్క వీపు చూశాను. ఆ రోజు నాకు ముఖం కనబడింది. పెదవులు బిగించి, ఒక్కొక్క మెట్టూ నాకు దూరమవుతూ, నా వంకే చూస్తోంది. సగం దిగాక మేస్త్రీ పక్కకు తప్పుకుని తోటలోకి వెళ్లిపోయాడు. ఆమె ఆగలేదు.

కింద నేల తగిలాక పైపు వదిలి, ఊపిరి తీసుకుంది. నేను గబగబా కదలబోతే ఎడమచెయ్యి ఎత్తింది.

"అక్కడే ఉండు."

కాలు కాస్త ఈడుస్తూ మూడో మొక్క దగ్గరికి నడిచింది. కొంగు నడుములో దోపి, ఎడమచేత్తో ఒక్కో పండూ తుంచి అందులో వేసుకోసాగింది. కుడిచేతికి అలవాటైన పని అది, కొన్ని పళ్లు కింద రాలిపోయాయి. కొంగు కాసేపట్లో నిండింది.

"ఒరే, బుట్ట!"

వరండాలోంచి బుట్ట తీసుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

"తేవద్దు. విసురు."

విసిరాను. దొర్లుకుంటూ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర పడింది.