మదామ్ సుహైలా చెవులు, కెమెరామన్ మీసం

2020 శరత్కాలం. బెర్లిన్‌లో ఒక యూబాన్, అంటే భూగర్భ రైలు, స్టేషన్ మెట్ల పక్కనున్న దుకాణంలో హియరింగ్ ఎయిడ్లు అమర్చే పని నాది. కరోనాకు బట్టల కొట్లు మూసినా మా కొట్టు మూయలేదు. కౌంటర్ మీద ప్లాస్టిక్ తెర, నా మూతికి మాస్కు, ఆ వెనక తెనాలి యాసతో నా జర్మన్. ఇన్ని అడ్డంకుల మధ్య, సరిగ్గా వినపడనివాళ్లతో రోజంతా మాట్లాడాలి. నా తిప్పలు పగవాళ్లకు కూడా వద్దు.

కొందరు పెద్దాయనలు నన్ను చూడగానే, "ఇక్కడ జర్మన్ వాళ్లెవరూ లేరా?" అని భార్యతో పైకే అనేవాళ్లు. తమకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుంటారేమో! నాకు ఒళ్లు మండేది. ఆ మాట విన్నాక పని మీద మనసు నిలిచేది కాదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఎర్ర శాలువా కప్పుకుని ఒక పెద్దావిడ వచ్చింది.

"టెర్మిన్ ఉందా మేడమ్?" అన్నాను. అపాయింట్‌మెంట్‌ను ఇక్కడ అలాగే అంటారు.

"నేను ఫిర్యాదు చేయడానికొచ్చాను. దానికీ టెర్మిన్ కావాలా?" అంది ఇంగ్లిష్‌లో. "ఈ మాస్కులొచ్చినప్పట్నుంచీ ఊరు ఊరంతా గొణుగుతోంది. నా చెవుల్లో లోపం లేదని నువ్వు తేల్చి చెప్పాలి. ఒకడి నోరు మూయించాలి."

ఆవిడ మదామ్ సుహైలా. తన అరబ్ దేశంలో డైరెక్టర్ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. ఎన్నో ఏళ్లుగా డబ్బాల్లో మగ్గిన ఆవిడ మొదటి సినిమాను ఇక్కడి ల్యాబ్‌లో బాగుచేశారు. వచ్చేవారం ఆన్‌లైన్‌లో చూపించాలి. కానీ సౌండ్ ఇంజనీర్ యోనాస్ మాటలన్నీ ముద్ద చేసి సినిమాను చంపేశాడంటూ ఆవిడ విడుదలకు ఒప్పుకోవడం లేదు. ఆవిడ సరే అననిదే సినిమా బయటికి రాదు. "ముందు చెవులు చూపించుకోండి మదామ్" అని ఆ కుర్రాడు నోరు జారాడట. అదీ ఫిర్యాదు.

ఆవిడను టెస్ట్ క్యాబిన్‌లో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. కూత వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. కాసేపు చకచకా నొక్కింది. తర్వాత నొక్కడం ఆగిపోయింది. చివరికి తలుపు తీసుకుని బయటికొచ్చి, "మళ్లీ ఎప్పుడు మొదలుపెడతావు?" అంది.

"అయిపోయింది మేడమ్."

"రీటేక్!"

మళ్లీ చేశాం. మళ్లీ అదే. వినికిడిని గీతగా చూపించే ఆడియోగ్రామ్ తెర మీద పెట్టాను. మంద్రమైన శబ్దాల దగ్గర బాగానే ఉన్న గీత, కీచు శబ్దాల దగ్గరకొచ్చేసరికి నిట్టనిలువునా కిందికి జారింది.

"మీకు గొంతు వినపడుతుంది, మాట విడిపడదు. ఇన్నేళ్లూ మీకు తెలియకుండానే ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. మాస్కులొచ్చి వాటిని మూసేశాయి," అన్నాను.

ఆవిడ ఆ గీత వెంట వేలు జరిపింది. "అయితే నా సినిమా బాగానే ఉందంటావా?"

"అది మీరే విని చెప్పాలి."

చెవులకు యంత్రాలు పెట్టగానే ఉలిక్కిపడింది. "చేపలు ఎవరు వేయిస్తున్నారు?"

"బయట వాన పడుతోందండీ."

ఆవిడ లేచి అద్దం తలుపు దగ్గరికెళ్లి నిలబడింది. కళ్లు తుడుచుకోవడం చూశాను కానీ చూడనట్టే ఊరుకున్నాను.

నాలుగు రోజులు ఇంట్లో అలవాటు చేసుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని మళ్లీ వచ్చింది. సినిమా శబ్దం నేరుగా హియరింగ్ ఎయిడ్లలోకి, దుకాణంలోకి కూడా వచ్చేలా కలిపాను. ఫోన్‌లో వీడియో కాల్‌లో యోనాస్ బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. కాసేపటికి మేడ మీద ముగ్గురు ఆడవాళ్లు దుప్పట్లు మడతపెట్టే సీను వచ్చింది. మాటలుండవు. గాలి చప్పుడు. చివర్లో ఎక్కడో ఒక మగగొంతు ఏదో గొణిగింది.

మదామ్ ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ఆపింది. మొహం ఎర్రబడింది. ఇక సినిమా రాదనుకున్నాను.

"ఏమైంది మేడమ్?"

"అది రాషిద్. నా కెమెరామన్. ఏమంటున్నాడో తెలుసా? 'ఈవిడ ఈ సినిమా పూర్తిచేస్తే నేను మీసం తీయించుకుంటా' అంటున్నాడు!"

పాత ప్రింటు గరగరలో ఇన్నాళ్లూ దాక్కున్న మాటను యోనాస్ కడిగి పైకి తెచ్చాడన్నమాట. పాపం, అతను గబగబా సంజాయిషీ ఇచ్చాడు. "అరబిక్ రాదు మదామ్, సినిమాలో మాటే అనుకున్నాను. ఇప్పుడే తీసేస్తాను."

"ముట్టుకున్నావంటే చంపేస్తాను! ఆ తర్వాత నా ప్రతి సినిమాకూ అతనే కెమెరామన్. అన్నీ ఆ మీసంతోనే చేశాడు, దొంగ వెధవ!" అంటూ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ చివరకు నెమ్మదించింది. "ఆ రోజు నేను మేడ అవతలి చివర ఉన్నాను, నాకు వినపడలేదు. వినపడి ఉంటే షూటింగ్ ఆపి పోట్లాడేదాన్ని. వెలుతురు పోయేది. ఈ షాట్ ఉండేది కాదు హబీబ్తీ." హబీబ్తీ అంటే బంగారు తల్లీ లాంటి ముద్దు పిలుపు.

యోనాస్ వైపు తిరిగి, "సౌండ్ బాగుంది. వదులు," అంది.

ప్రదర్శన రోజు మా వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని నేనూ మావారూ చూశాం. సినిమా అయ్యాక మాటామంతీ. తెర మీద ఒక గడిలో మదామ్, పక్క గడిలో తన ఊళ్లో, తన ఇంట్లో రాషిద్. మూతికి మాస్కు!

"ఇంట్లో ఒక్కడివేగా, మాస్కెందుకు?" అంది మదామ్.

"జాగ్రత్త కోసం."

"తియ్."

తీశాడు. మూతి నున్నగా ఉంది. మావారు కాఫీ లాప్‌టాప్ మీద ఒలకబోశారు. "అయ్యో, పెద్దాయన నిజంగానే తీయించేశాడే!" అని ఆయన నవ్వు. "సినిమాలో తన గొంతు విన్నట్టున్నాడు. మాట మీద నిలబడ్డాడు, కాస్త ఆలస్యమైందంతే. మీరూ నేర్చుకోండి," అన్నాను.

చెవులు బాగుచేయడం నా వృత్తి. కానీ ఏది ఎప్పుడు వినాలో నాకు నేర్పింది మదామే. ఆ తర్వాతి వారం ఒక పెద్దాయన వచ్చాడు. "ఈవిడకు పనొచ్చంటావా?" అన్నాడు భార్యతో. విన్నాను. తొందరపడలేదు. పరీక్ష చేశాను, యంత్రాలు అమర్చాను, ఒక్కో మాటా స్పష్టంగా పడేదాకా సరిచేశాను. ఆయన మొహం విప్పారింది. అప్పుడు, గొంతు పెంచకుండా, మెల్లగా చెప్పాను.

"వచ్చండి."