తెర దాటిపోయిన బటన్

రాబర్ట్‌సన్‌పేటలో శ్రీకంఠయ్యగారి బట్టల కొట్టు పైన ఒక గది ఉంది. అందులో కూర్చుని ఆయన కూతురు రక్షిత వెబ్‌సైట్లు తయారు చేస్తుంది. కొన్నేళ్లు రోజూ రైల్లో బెంగళూరు వెళ్లివచ్చి ఉద్యోగం చేసి, విసిగి మానేసింది. ఇప్పుడు బజారులో చాలా కొట్ల సైట్లు ఆమె చేసినవే. ఏ సైటైనా ఫోన్లో అడ్డదిడ్డంగా కనిపిస్తే, కొట్టువాళ్లు నేరుగా పైకి వచ్చేస్తారు. "యాడ చెడిందో చూపించప్పా" అని రక్షిత ఓపిగ్గా అడుగుతుంది.

ఈ వేసవిలో శ్రీనివాసపురం దగ్గర మామిడితోట ఉన్న సొన్నమ్మకు సైటు చేసి ఇచ్చింది. బెంగళూరువాళ్లు అందులో ఆర్డర్ పెడితే పండ్లు పంపాలి. వారమైనా ఒక్క ఆర్డరూ రాలేదు. రక్షిత తన కంప్యూటర్లో చూసింది, తన ఫోన్లో చూసింది. అంతా బాగానే ఉంది. ఇక ఉండబట్టలేక బస్సెక్కి తోటకు వెళ్లింది.

సొన్నమ్మ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. "బాదామి మామిడి ఇంగ రెండు దినాలు మాగల్లమ్మా. గడ్డిలో పెట్టు, ఫ్రిజ్జులో పెట్టొద్దు."

"ఎవరవ్వా?" అంది రక్షిత.

"జయనగరం ఆయమ్మ. ఆర్డర్ బటన్ యాడుందో కనపడలేదంట. శానామంది అట్నే అని నాకే ఫోన్ చేస్తా ఉండారు."

"మరి నాకు చెప్పలేదే!"

"చెప్పేదేముంది పాపా? పండ్లు పోతానే ఉండాయి కదా."

రక్షిత ఆమె ఫోన్లోనే సైటు తెరిచింది. చూపు సరిగా ఆనక, సొన్నమ్మ అందులో అక్షరాలు పెద్దవి పెట్టించుకుంది. సైటు తయారు చేసినప్పుడు పండు పేరు, ధర, బటన్ ఒకే వరుసలో ఉండేలా పెట్టింది రక్షిత. అక్షరాలు పెరిగేసరికి ఆ వరుస తెరలో పట్టక, బటన్ కుడి అంచు అవతలికి పోయింది. పండ్లు కొనేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. వాళ్ల ఫోన్లలోనూ ఇదే జరిగి ఉంటుంది. రక్షిత అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, చోటు చాలకపోతే ఒకదాని కింద ఒకటి వచ్చేటట్టు మార్చింది. సాయంత్రానికి ఆర్డర్లు మొదలయ్యాయి.

కొన్నాళ్లకు సొన్నమ్మ సంచినిండా పండ్లతో రాబర్ట్‌సన్‌పేటకు వచ్చింది.

"ఆర్డర్లు బాగా వస్తా ఉండాయి పాపా. ఫోన్ మాత్రం మోగేదే లేదు. జయనగరం ఆయమ్మ కూతురికి కాన్పయిందో లేదో కూడా తెలీలేదు."

రక్షితకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అప్పటికప్పుడే ఆర్డర్ బటన్ కింద ఇంకొకటి పెట్టింది: 'సొన్నమ్మతో మాట్లాడండి'.

కాసేపటికే సొన్నమ్మ ఫోన్ మోగింది. ఎవరో కొత్తాయన, ఊరగాయకు కాయలు పంపుతారా అని అడిగాడు. సొన్నమ్మ కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, మాటల్లో ఊరగాయ కారం పాళ్ల దాకా వచ్చేసింది. రక్షిత పని చేసుకుంటూనే ఆ మాటలు వింటూ ఉండిపోయింది.