బయటి తాళం

మేము మొదటిసారి ఓటు వేసిన ఏడాది, నేను నాంపల్లి స్టేషన్ వెనక ఒక బట్టల గోదాములో మూటలు కుట్టేదాన్ని. రైల్లో వచ్చిన పెద్ద మూటలు విప్పి, అబిడ్స్ దుకాణాలకు ఎవరి సరుకు వాళ్లకు విడగొట్టి, మళ్లీ గోనెగుడ్డ చుట్టి దబ్బనంతో కుట్టడం ఆడవాళ్ల పని. మోయడం, బండికెక్కించడం హమాలీల పని. అంతా కలిపి ఇరవైమందిమి. దీపావళి దగ్గరపడిందంటే మంచినీళ్లు తాగడానికి కూడా తీరిక ఉండేది కాదు.

పొద్దున అందరం లోపలికి వెళ్లగానే గుమాస్తా బయట తాళం వేసేవాడు. చీర ముక్క కూడా బయటికి పోకూడదని సేఠు మాట. బండి వచ్చినప్పుడే తలుపు తెరుచుకునేది. మూడేళ్లు నేనూ అట్లాగే పనిచేశాను. బాధనిపించలేదని చెప్పను, అలవాటైపోయింది.

పండుగ పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం, గోడవారగా పేర్చిన మూటలు నా పక్కన కుడుతున్న ఆమె మీద పడ్డాయి. నాకంటే చాలా పెద్దది, అందరం అక్కా అనేవాళ్లం. మగవాళ్లు మూటలు లాగేసరికి మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. ఎత్తుకుని తలుపు దాకా తెచ్చాం. తాళం. గుమాస్తా బండి వెంట అబిడ్స్ వెళ్లాడు. లోపలినుంచి తలుపు బాదాం. బయట పోయేవాళ్లెవరో రాయి తెచ్చి తాళం మీద కొట్టారు, అది పగల్లేదు. అక్క తల నా ఒళ్లో ఉంది. ఏడవలేదు. "తలుపు తెరిచిన్రా?" అని మాత్రం అడుగుతూ ఉంది. "వస్తున్నరక్కా" అని నేను అబద్ధం చెబుతూ ఉన్నాను. ఎండ వాలాక గుమాస్తా వచ్చాడు. అప్పుడు దవాఖానకు తీసుకుపోయాం.

మర్నాడు పొద్దున గుమాస్తా ఎప్పటిలాగే తాళం చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందుగా అనుకున్నదేమీ లేదు. గడప దాకా వెళ్లి నేను ఆగిపోయాను.

"ఏందమ్మా, పో లోపలికి" అన్నాడు.

"ఆ తాళం అవతల పెట్టు, పోతా."

నా వెనక ఉన్న ముసలి హమాలీ తలపాగా విప్పి నేల మీద పరిచి కూర్చున్నాడు. అతన్ని చూసి ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు.

సేఠు రిక్షాలో వచ్చాడు. "పండుగ ముంగట గిట్ల చేస్తరా? అందరికీ కొత్త బట్టలు పెడతా, లేవుండ్రి."

"బట్టలొద్దు సేఠ్" అన్నాడు ముసలి హమాలీ. "తలుపు తీసి పెట్టు."

"నా మాల్ పోతే?"

"ఇంటికి పోయేటప్పుడు మా సంచులు ఇప్పి చూసుకో. మమ్ముల లోపలేసి తాళమెయ్యకు."

సేఠు మళ్లీ రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. మేము లేవలేదు.

ఇంట్లో మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పండుగ ముందు పని పోగొట్టుకుంటున్నానని ఆమె కోపం. మూడోనాడు మధ్యాహ్నం జొన్నరొట్టెల గంప నెత్తిన పెట్టుకుని గోదాము దగ్గరికి వచ్చింది. అందరికీ రొట్టెలు పంచి నా పక్కన కూలబడింది. "దొర గడీల వెట్టికి పోయిననాడు నన్ను కొట్టంల ఏసి గొళ్లెం పెట్టిన్రు. తెల్లారేదాక గాడ్నే ఉన్న. తీయమని అడగలె" అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి తనూ మాతో కూర్చుంది.

అయిదోనాడు సేఠు ఉస్మాన్‌గంజ్ నుంచి వేరే హమాలీలను పిలిపించాడు. పదిమంది దాకా వచ్చారు. వాళ్లను చూడగానే ఇక మా పని పోయిందనుకున్నాను. అయినా లేచి వాళ్లకు అడ్డంగా నిలబడి జరిగిందంతా చెప్పాను. వాళ్ల పెద్ద చివరిదాకా విని సేఠు వైపు తిరిగాడు.

"తాళంచెవి ఎవరి తాన ఉంటది?"

"మా గుమాస్తా తాన."

"గట్లయితే గుమాస్తానే మొయ్యమను" అని భుజం మీది తాడు సర్దుకుని వెనక్కి నడిచాడు. మిగతావాళ్లూ అతని వెంటే పోయారు. నేను నవ్వబోయి ఏడ్చాను.

అప్పటికే అబిడ్స్ దుకాణాలవాళ్లు సరుకేదని సేఠు మీద పడుతున్నారు. ఆరోనాడు దిగివచ్చాడు. "తాళం వెయ్యను, పోయి పని చేసుకోండ్రి. ఈమె మాత్రం రావద్దు" అని నన్ను చూపించాడు. ముసలి హమాలీ అప్పటికే గడప దాటాడు. మాట విని బయటికి వచ్చి, మళ్లీ తలపాగా పరిచి కూర్చున్నాడు. ఎవరూ లోపలికి పోలేదు.

మరుసటి పొద్దున గుమాస్తా నా మొహం చూడకుండా, "నువ్వు గూడ రా" అన్నాడు.

"సేఠును చెప్పుమను."

సేఠు వచ్చాడు. "పో అమ్మా లోపలికి" అన్నాడు. పోయాను. పండుగకు మూడు రోజులే ఉన్నాయి. తలుపు బార్లా తెరిచి ఉండగా, రోడ్డు మీద టాంగాల చప్పుడు వింటూ చేతులు నొప్పులు పుట్టేదాకా కుట్టాం.

అక్క మూడు నెలలకు కర్ర పట్టుకుని నడిచింది. పనిలో పెట్టుకోనన్నాడు సేఠు. ఒక పొద్దున మేమే ఆమెను వెంటబెట్టుకుని వచ్చి మా మధ్య కూర్చోబెట్టి చేతికి దబ్బనం ఇచ్చాం.

"ఈమెను ఎవరు రమ్మన్నరు?" అన్నాడు గుమాస్తా.

"మేమే" అన్నాం.