నాయిన మైకు, అమ్మ అనుమానం

నా కూతురు గోళ్లరంగు సీసా మూత తిప్పిందంటే చాలు, ఇంట్లో నేనెక్కడున్నా ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది, వెంటనే ఎవరో ఏదో దాస్తున్నారన్న అనుమానం మొదలవుతుంది. పాపం, దాని తప్పేం లేదు. తాండూరులో మా చిన్నప్పటి ఇంట్లో అమ్మకు గోళ్లరంగు లేదు, నాకూ లేదు, అయినా ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వాసన మా నాయిన చేతివేళ్ల మీద ఎక్కి గడప దాటి లోపలికి వచ్చేది.

నాయిన బండల పాలిష్ మిషన్ల దగ్గర లెక్కలు రాసే మున్షీ. వారమంతా ఆయన జుట్టు మీద, కనురెప్పల మీద రాతిదుమ్ము ఉండేది. ఆ మాటకొస్తే ఊళ్లో ఆరేసిన బట్టలకూ, ఎండబోసిన కందులకూ, మంచినీళ్ల బిందె మూతకూ అదే దుమ్ము, గట్టి వాన పడితే తప్ప వదిలేది కాదు. ఆదివారం మాత్రం తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పొద్దున ప్యాసింజరెక్కి వికారాబాద్ పోయేవాడు. ఎందుకని నేనడిగితే "పనుంది" అనేవాడు. ఆదివారం పూట మున్షీకి అక్కడ పనేమిటని అమ్మ అడగలేదు. అమ్మ అడగకుండా ఊరుకుంటేనే నాకు భయం.

వానలు వెనకపట్టి సీతాఫలాలు వచ్చే రోజుల్లో, ఉతకడానికి తీసిన ఆయన సంచిలో అమ్మకు రెండు వస్తువులు దొరికాయి. సగం అయిపోయిన ఎర్ర గోళ్లరంగు సీసా ఒకటి, ఆడపిల్లలు బట్టను బిగించి పూలు కుట్టుకునే ఎంబ్రాయిడరీ రింగు ఒకటి. వాసన చూసి, ఎక్కడివక్కడ పెట్టేసింది. ఆ వారమంతా పప్పులో ఉప్పు ఎక్కువైంది. శనివారానికి నాలుగు చీరలు మూటగట్టింది. పెద్దేముల్‌లో ఉన్న మా అమ్మమ్మ ఇంటికి పోవడమా, ఉండడమా అన్నది నేను తెచ్చే కబురును బట్టి ఉంటుంది.

"నాయినెంట పో బిడ్డా. ఆయన పోయేటి ఇంట్ల ఎవలున్నరో, ఏం జేస్తున్నరో, ఒక్కటి గూడ ఇడువకుండ జెప్పాలె," అంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. దసరాకు చేసి మిగిల్చిన గరిజెలు రెండు చేతిలో పెట్టి నన్ను గూఢచారిని చేసింది.

రైల్లో నాయిన వంక దొంగను చూసినట్టే చూశాను. వికారాబాద్ స్టేషన్లో సీతాఫలాల గంప ముందు కూర్చున్న ఒక ముసలమ్మ ఆయన్ను చూసి నవ్వితే, ఆమె పేరు కూడా అడిగి పెట్టుకుందామనుకున్నాను. చివరికి మేం చేరింది రేడియోలు బాగుచేసే ఖాదర్ చిచ్చా ఇంటికి. ఆయన ఒంటరివాడు. సోల్డరింగు పొగ, అటుకుల డబ్బా నిండా మరలు, అంతే. అయినా వదలకుండా తలుపు వెనక, మంచం కింద వెతికాను.

"ఏం దేవులాడుతున్నవ్ బేటీ?" అన్నాడు చిచ్చా.

"పిల్లిని," అన్నాను.

వాళ్లు చేస్తున్నది మైకు. నీళ్ల మోటారుకు ఉండే పాత కెపాసిటరు పొట్ట కోసి, లోపల చుట్టలా ఉన్న వెండిపూత ప్లాస్టిక్ పొరను, ఉల్లిపొర కంటే పల్చనిదాన్ని, ఊపిరి బిగబట్టి విప్పేవారు. దాన్ని ఎంబ్రాయిడరీ రింగులో పట్టించి, మర తిప్పుతూ, అంచులు వేలికొసలతో లాగుతూ, అందులో ట్యూబులైటు వంకర లేకుండా కనబడేదాకా బిగించేవారు. తర్వాత చిన్న ఇత్తడి వలయానికి గోళ్లరంగు సన్నగా రాసి, పొరకు అతికించి, ఆరాక బ్లేడుతో చుట్టూ కోసేవారు. పొర వదులైతే దాని వెనక అమర్చే లోహపు రేకుకు అతుక్కుని మైకు మూగబోతుంది, మరీ బిగిస్తే ముక్కు పట్టుకుని మాట్లాడినట్టు వస్తుంది. ఒక్క దుమ్మురేణువు చాలు పని చెడడానికి, అందుకే తాండూరులో కుదరదని నాయిన చెప్పాడు. ఇంట్లో ఎందుకు చెప్పలేదో నాకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేడియోను విప్పి, మళ్లీ బిగించలేకపోయిన ఘనత ఆయనది.

ఆ రోజు మూడు పొరలు చినిగాయి. నాలుగోది నిలిచింది. చిచ్చా దాన్ని అమర్చి, వైర్లు కలిపి, "బోలో భాయ్" అన్నాడు. నాయిన "హలో" అన్నాడు. స్పీకర్లోంచి ఆయన గొంతు, అందులోని చిన్న జీరతో సహా, పక్కనే నిలబడి పలికినట్టు వచ్చింది. నాయిన నవ్వాడు. తొడ చరుచుకుంటూ, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఇంట్లో ఆయన అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఆడమనిషి దొరకని ఆ ఇంట్లో నేను కనిపెట్టిన దొంగసొత్తు ఆ నవ్వే.

ఇంటికొచ్చి అంతా చెబితే అమ్మ మొదట నన్నే అనుమానించింది. "గోళ్లరంగుతోని మైకు జేస్తరా? నీకేం గొనిచ్చిండో చెప్పు!"

మిర్చి బజ్జీలు తిన్నమాట ఒప్పుకుని, గౌను జేబులోంచి చినిగిన పొర ముక్క తీసిచ్చాను. దాన్ని దీపానికి అడ్డంపెట్టి చాలాసేపు చూసింది. ఒట్టు వేయమంది, వేశాను. మూట విప్పి చీరలు పెట్టెలో సర్దుకుంది. నవ్వు సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఎందుకో, అది చెబితే అమ్మ మూట విప్పదనిపించింది.

ఇప్పుడు నాయిన లేడు. చిచ్చా ఇల్లున్న చోట ఫోన్ల దుకాణం వెలిసింది. మిరియపు గింజంత మైకులు ఫోన్లలోనే ఉండి వస్తున్నాయి, వాటి కోసం ఎవరూ ఊపిరి బిగబట్టరు. వాళ్లిద్దరూ చేసిన మైకు ఏ పాత సామాన్లలో పోయిందో తెలియదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. మొన్న కందిపప్పు ఏరుతూ ఉన్నట్టుండి అడిగింది.

"నిజం జెప్పు. ఆడ మీ నాయిన నవ్వుతుండెనా?"

ఇన్నేళ్లు దాచింది ఇంక దాచలేకపోయాను. "మస్తు నవ్విండమ్మా," అన్నాను.

అమ్మ చాట కింద పెట్టింది.

"ఎవతన్న ఉంటె జుట్టు వట్టి కొట్లాడేదాన్ని. గా పొరతోని ఏమని కొట్లాడాలె?"