కొన మీద కొలవకూడదు

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఈ చలికాలంలో కోవిడ్‌తో చనిపోయారు. ఇంకా ఆ ఊళ్లోనే ఉంటున్న నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది.

"మీ ఇంటామె పోయిందే. పది రోజులు హాస్పిటల్‌లనే ఉందట. ఎవ్వర్నీ లోపలికి రానియ్యలేదట."

నేను ఉద్యోగానికి వచ్చిన బ్యోబ్లింగెన్‌లో వంట చేసుకుంటున్నాను. స్టవ్ ఆపి, అంత్యక్రియలెప్పుడని అడిగాను.

"నిన్ననే అయిపోయినయ్."

ఏడుపు రాలేదు. కూర కింద స్టవ్ మాత్రం మళ్లీ వెలిగించలేదు.

ఆవిడకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు యంత్ర భాగాల ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసేవారు. రిటైరయ్యాక షూటింగ్ క్లబ్బులో చేరి రైఫిల్ పోటీలకు వెళ్లేవారు. లైసెన్సు ఉంది కనుక పోటీ తూటాలను తనే ఇంటి కింది కెల్లర్ గదిలో తయారు చేసుకునేవారు. మొదటి లాక్‌డౌన్‌లో మా యూనివర్సిటీ ల్యాబ్ మూతపడ్డాక ఒకరోజు తలుపు తట్టి, "మీరు చదివేది కొలతల గురించే కదా. నా బొటనవేలు బిగుసుకుపోయింది. ఈ కొలిచే కాలిపర్ నొక్కి పెడతారా?" అని అడిగారు.

తూటాలన్నీ ఒకే పొడవుంటేనే గురి నిలకడగా ఉంటుందట. నేను ఒక తూటా తీసుకుని, దాని ముందు బిగించిన బుల్లెట్ కొన నుంచి అడుగు దాకా కాలిపర్‌తో కొలిచాను. రెండోది వేరే అంకె చూపించింది. మూడోది ఇంకోటి.

"కొన మీద కొలవకూడదు. ఏ రెండు బుల్లెట్ల కొనలూ ఒక్కలా ఉండవు" అన్నారు. రంధ్రమున్న చిన్న లోహపు దిమ్మను కాలిపర్‌కు బిగించారు. బుల్లెట్ అందులో దూరి, తన లావు రంధ్రానికి సరిపోయిన చోట ఆగుతుంది. అక్కడి నుంచి అడుగు దాకా కొలవాలి. ఎప్పుడూ అదే దిమ్మ, అదే ఒత్తిడి. పది తూటాలకోసారి, ఖాళీగా మూసినప్పుడు కాలిపర్ సున్నా చూపిస్తోందో లేదో చూడాలి.

కిటికీ తెరిచి, మాస్కులతో, వంటింటి బల్లకు చెరో చివర కూర్చునేవాళ్లం. తూటాల ట్రే పూర్తయ్యే దాకా కాఫీ లేదు. ఏడాదిన్నరలో ఆవిడ నన్ను "మీరు" తప్ప మరోలా పిలవలేదు.

ఈ సంగతి విని నా క్లాస్‌మేట్ హడలిపోయింది. "తుపాకి గుండ్లు కొలుస్తున్నవా? పిచ్చా నీకు? రేపు వీసా టెర్మిన్‌కు పోయినప్పుడు ఆఫీసోళ్లకు ఏం చెప్తవే?" ఆ మాట ఆవిడకు చెబితే లోపలికెళ్లి లైసెన్సు కాగితం తెచ్చి చూపించారు. "భయపడటం మంచిదే. కాగితం చూశాక కూడా భయపడితేనే దండగ."

ఆ వేసవిలో క్లబ్బు తెరిచారు. పోటీకి అరవై తూటాలు కావాలి. నలభై కొలిచేసరికి విసుగొచ్చింది. మిగతా ఇరవైకి, ముందున్న అంకెల లాంటివే రాసి ట్రే అప్పగించాను.

పోటీ రోజు పొద్దున ఆవిడ చివరి వరసలోంచి ఒకటి తీసి, ఆ బిగుసుకుపోయిన వేలితోనే మూడుసార్లు కొలిచారు. నేను అంకెలు రాసిన పుస్తకం నావైపు తిప్పారు.

"ఇవి కొలిచారా?"

"లేదు."

"తెలియదని రాసి ఉంటే సరిపోయేది."

నలభై తూటాలతోనే వెళ్లారు. చివరి రౌండుకు కాల్చే బెంచీ ఖాళీ చేసి, తన తయారీ పూర్తి కాలేదని నిర్వాహకులకు చెప్పారు. నా ప్రస్తావన తేలేదు. శరదృతువులో క్లబ్బు మళ్లీ మూసేశారు. ఆవిడకు అదే ఆఖరి పోటీ అయింది.

అప్పటికి ఆవిడకు తెలియనిది ఒకటుంది. నా థీసిస్ నోట్‌బుక్‌లోనూ అలాంటి అంకెలున్నాయి. ఆ వారమే వాటిని కొట్టేసి ప్రొఫెసర్‌కు మెయిల్ రాశాను. డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి పోయింది. ఆ మాట ఆవిడకు చెప్పాను. ఆవిడ లేచి, కాలిపర్ తెచ్చి, కొత్త ట్రే నా ముందుకు జరిపారు.

ఉద్యోగం వచ్చి ఊరు వదిలిన రోజున ఆవిడ స్టేషన్‌కు వచ్చారు. వద్దంటే వినలేదు. రైలు కదిలింది. మాస్కులోంచి వచ్చిన ఆవిరికి ఆవిడ కళ్లద్దాలు మసకబారాయి. వాటిని తుడుచుకోకుండానే, నేను లేని పక్క పెట్టె వైపు తిరిగి, ప్లాట్‌ఫారం చివరిదాకా చెయ్యి ఊపుతూ నడిచారు.