బొట్టు పెట్టిన ట్యూబులు

అరవై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు, అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

అప్పుడు అమెరికాలో, అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆయుధపూజ రోజున అల్లుడి గిటార్ ఆంప్లిఫయర్‌కి బొట్లు పెడదామని, వెనక ఉన్న గాజు ట్యూబులు పీకి, తుడిచి, వాటికీ బొట్టు పెట్టి, పట్టిన చోట మళ్ళీ గుచ్చాను. పక్కన ఉన్న రాతలు నాకు చదవరావు.

సాయంత్రం అల్లుడు స్విచ్ వేయగానే పెద్ద మోత, కాలిన వాసన. ప్లగ్ లాగేశాడు. నేను చేసింది చెప్పాను.

"రెండు ట్యూబులు తారుమారయ్యాయి అత్తయ్యా, ఫిక్స్ చేస్తాలెండి," అని పెట్టె విప్పాడు. "ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవుంటుంది. షాక్ కొడితే నన్ను ముట్టుకోకండి. ఈ చెక్క కర్రతో తోసేసి, అంబులెన్సు కోసం నైన్ వన్ వన్‌కి కాల్ చేయండి."

"నాకు ఫోన్‌లో అంకెలు తెలియవు కదా బాబూ."

అతను కర్ర నా చేతికిచ్చాడు. "అయితే నాకేం కాకూడదన్నమాట."

అమ్మాయి ఇంకా ఆఫీసులోనే ఉంది. షాక్ గుండెదాకా పోకుండా అతను ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, నిలవున్న కరెంటు పోగొట్టడానికి కుడిచేత్తో ఒక వైరు లోపల తగిలించాడు. నా చేతుల్లో కర్ర చెమటకి జారుతోంది. మీటరు చూసి అతను "జీరో" అనేదాకా నేను కర్ర దించలేదు.

కాలిన భాగం, ఫ్యూజు మార్చి, ట్యూబులు సరిగ్గా పెట్టాక అవి బొట్లతోనే మెల్లగా వెలిగాయి. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ప్రాణం మీదికొస్తే "నాకు తెలియదు" అన్న మాట ఎవరినీ కాపాడదు.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే పళ్ళెంలో బియ్యం పోసి, అమ్మాయిని చెయ్యి పట్టి దిద్దించమన్నాను. అందరూ ముందు ఓం రాస్తారు. నేను తొమ్మిది, దాని పక్కన రెండు ఒకట్లు రాశాను.